క్రేనియోఫారింజియోమా ఆపరేషన్ అయిన బిడ్డను ఇంట్లో చూసుకోవడం ఎలా?

“గడ్డ తీసేశారు, క్యాన్సర్ కాదన్నారు. మరి ఇన్ని మందులెందుకు? ఎప్పుడు ఆపొచ్చు?” ఈ ఆపరేషన్ అయిన పిల్లల తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఇదే. సూటిగా చెప్పాలంటే, చాలామంది పిల్లలకు వీటిలో కొన్ని మందులు జీవితాంతం వాడాల్సిందే. ఆ మాట డిశ్చార్జి రోజు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బిల్లులు, అంబులెన్సు, బంధువుల ఫోన్ల మధ్య అది చెవికెక్కి ఉండదు.

క్రేనియోఫారింజియోమా పుర్రె అడుగున, కంటి నరాలు కలుసుకునే చోటును ఆనుకుని, పిట్యూటరీ గ్రంథి దగ్గర పెరుగుతుంది. పిల్లల్లో ఎక్కువగా 5 నుంచి 14 ఏళ్ల మధ్య బయటపడుతుంది. డబ్ల్యూహెచ్‌వో లెక్కలో గ్రేడ్ 1, అంటే క్యాన్సర్ కాదు. చిక్కంతా అది పెరిగే చోటుతోనే. ఒంట్లో నీరు, ఆకలి, నిద్ర, ఎదుగుదల, జ్వరాన్ని తట్టుకునే శక్తి అన్నీ అక్కడి నుంచే నడుస్తాయి. గడ్డ వల్ల కొంత, దాన్ని తీయడం వల్ల కొంత ఆ భాగం దెబ్బతింటుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

మీ బిడ్డకు తీసింది చిన్నమెదడులో గడ్డ అయితే ఇక్కడి 1 (ఫైలు మొదటి పేజీ మీది స్టెరాయిడ్ మాట తప్ప), 8, 9, 10 దశలు మీకూ పనికొస్తాయి. తలకు రేడియేషన్ ఇచ్చి ఉంటే హార్మోన్ల సంగతి కూడా మీ డాక్టర్‌ని అడగండి.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- డిజిటల్ థర్మామీటర్, అరకిలో తేడా కూడా సరిగ్గా చూపే బరువు యంత్రం, షుగర్ చూసే గ్లూకోమీటర్
- మి.లీ. గీతలున్న ప్లాస్టిక్ జగ్గులు రెండు: ఒకటి తాగే నీళ్లకు, ఒకటి మూత్రానికి. రెండూ ఒకే రంగులో కొనకండి
- మాత్రలు కోసే కట్టర్
- అత్యవసర పౌచ్: హైడ్రోకార్టిజోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ వయల్ రెండు, కలిపే స్టెరైల్ వాటర్, 2 మి.లీ. సిరంజిలు, సూదులు, స్పిరిట్ దూది, డాక్టర్ చీటీ
- కనీసం నెలకు సరిపడా మందుల నిల్వ
- ఒక లాంగ్ నోట్‌బుక్. ఫోన్‌లో యాప్ కన్నా ఇదే మేలు, అమ్మమ్మ కూడా రాయగలదు
- ఒక హార్మోన్ డాక్టర్, అంటే ఎండోక్రైనాలజిస్ట్. పిల్లల ఎండోక్రైనాలజిస్ట్ దొరికితే మరీ మంచిది. హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్‌లలో ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి

ఆపరేషన్ చేసిన న్యూరోసర్జన్ ఎంత గొప్పవాడైనా, ఆ తర్వాత పదేళ్లు మీకు ఎక్కువగా పని పడేది హార్మోన్ డాక్టర్‌తోనే.

1. ఫైలు తయారుచేసుకోండి

డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్, బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన ఎమ్మారైల సీడీలు, రేడియేషన్ ఇస్తే ఎంత డోసు, ఎన్ని సిట్టింగులు అన్న కాగితం. ఇవన్నీ అడిగి తెచ్చుకోండి. ఆరోగ్యశ్రీలో ఉచితంగా జరిగినా ఈ కాగితాలు అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. ఫిల్ములు కాదు, సీడీలు ముఖ్యం. నాలుగేళ్ల తర్వాత కొత్త డాక్టర్ పాతదానితో పోల్చి చూడాలంటే అవే కావాలి.

ఫైలు మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో ఇలా రాయించి, డాక్టర్ సంతకం తీసుకోండి: “ఈ బిడ్డ స్టెరాయిడ్ మీద ఆధారపడి ఉంది. వాంతులు, మగత, షాక్ కనిపిస్తే వెంటనే హైడ్రోకార్టిజోన్ ఇంజెక్షన్ ఇవ్వాలి. డీఐ ఉంది, సోడియం చూడకుండా సెలైన్ ఎక్కించవద్దు.” కింద అదే ఇంగ్లిష్‌లో. డీఐ అంటే ఒంట్లో నీరు నిలవక మూత్రంగా పోయే జబ్బు, సోడియం అంటే రక్తంలోని ఉప్పు; వివరాలు 4వ దశలో ఉన్నాయి. ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి.

2. స్టెరాయిడ్ ఒక్క పూట కూడా తప్పకూడదు

స్టెరాయిడ్ అనగానే బంధువుల్లో ఎవరో ఒకరు “అమ్మో, ఆపేయండి” అంటారు. ఉబ్బసానికో కీళ్ల నొప్పులకో వాడే పెద్ద డోసు సంగతి వేరు. ఇక్కడ ఇచ్చేది ఒళ్లు తనంతట తాను తయారుచేసుకోవాల్సినంత మాత్రమే, ఒంటి కొలతను బట్టి లెక్కగట్టి ఇస్తారు. అది ఆగితే ప్రాణం మీదికొస్తుంది.

మామూలుగా హైడ్రోకార్టిజోన్ మాత్రలను రోజుకు రెండు మూడు సార్లుగా విడగొట్టి ఇస్తారు. పొద్దున లేవగానే ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. మధ్యాహ్నం డోసు బడిలో పడుతుంది కాబట్టి ఎవరు ఇస్తారో పేరుతో సహా తేల్చుకోండి. ఆదివారం ఆలస్యంగా లేచినా పొద్దున డోసు టైముకే పడాలి. నిద్రలేపి మాత్ర వేసి మళ్లీ పడుకోబెట్టండి.

చిన్న ఊళ్లలో హైడ్రోకార్టిజోన్ మాత్ర దొరకదు. మందుల షాపు అబ్బాయి “ఇదీ స్టెరాయిడే సార్” అని ప్రెడ్నిసొలోనో, బెట్నెసాలో, డెక్సానో చేతిలో పెడతాడు. మి.గ్రా. లెక్క ఒకటే అనుకోకండి. 5 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ సుమారు 20 మి.గ్రా. హైడ్రోకార్టిజోన్‌కు సమానం. డెక్సా దానికన్నా ఎన్నో రెట్లు ఘాటు, ఎదిగే పిల్లలకు రోజూ వాడే మందు కాదు. స్టాకు పూర్తిగా అయిపోయి గత్యంతరం లేకపోతే, అసలు మందు వచ్చేదాకా ప్రెడ్నిసొలోన్ ఎంత వేయాలో డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగి వేయండి. ఏమీ వేయకుండా ఉండటం కన్నా అది నయం.

ఆపరేషన్ తర్వాత మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే డెక్సా కోర్సు అయిపోయాక “ఇంక స్టెరాయిడ్ అయిపోయింది” అనుకుని అంతటితో ఆపేసే ఇళ్లూ ఉన్నాయి. దాని బదులు హైడ్రోకార్టిజోన్ రాశారా లేదా అన్నది డిశ్చార్జి రోజే అడిగి తేల్చుకోండి.

3. జ్వరం, వాంతులు వచ్చిన రోజు

ఈ గైడ్‌లో ఒక్క దశే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

మనకు జ్వరం వస్తే ఒళ్లు తనే స్టెరాయిడ్ ఎక్కువ తయారుచేసుకుంటుంది. ఈ పిల్లల ఒంటికి అది చేతకాదు కాబట్టి ఆ పని మనం చేయాలి. డాక్టర్లు ఎక్కువగా చెప్పే లెక్క ఇది. మీ డాక్టర్ చేత మీ బిడ్డ డోసుతో రాయించుకుని ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

- జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) దాటితే రోజు డోసు రెట్టింపు
- 39 (102.2) దాటితే మూడు రెట్లు. రోజు మొత్తాన్ని మూడు నాలుగు సార్లుగా పంచి ఇవ్వాలి
- జ్వరం పూర్తిగా తగ్గి ఒక రోజు గడిచాక నేరుగా మామూలు డోసుకు వచ్చేయడమే
- మాత్ర వేసిన అరగంటలోపు వాంతి అయితే ఇంకోసారి వేయండి. అదీ బయటికొస్తే మూడోసారి ప్రయత్నించకండి, ఇంజెక్షనే
- విరేచనాలు ఆగకపోయినా, ఎముక విరిగినా, బండి మీద నుంచి పడ్డా, బిడ్డ మగతగా ఉండి మాత్ర మింగలేకపోయినా ఇంజెక్షన్ చేసి ఆసుపత్రికి బయల్దేరాలి
- పన్ను పీకించాలన్నా, చిన్న ఆపరేషన్ అయినా ముందే డాక్టర్‌తో మాట్లాడి డోసు పెంచుకోవాలి

పరీక్షల టెన్షన్‌కి, జలుబుకి, జ్వరం రాని టీకాకి పెంచక్కర్లేదు. ప్రతి తుమ్ముకీ డోసు పెంచుకుంటూ పోతే బరువు పెరుగుతారు, ఎత్తు ఆగుతుంది.

ఇంజెక్షన్ చేసే పద్ధతి:

అ) చేతులు కడుక్కోండి. పొడి ఉన్న వయల్‌లో 2 మి.లీ. స్టెరైల్ వాటర్ ఎక్కించి, పొడి పూర్తిగా కరిగేదాకా తిప్పండి. 100 మి.గ్రా. పొడిలో 2 మి.లీ. కలిపితే ఒక మి.లీ.లో 50 మి.గ్రా. ఉంటుంది.

ఆ) డాక్టర్ రాసిన డోసు సిరంజిలోకి లాగండి. డోసు వయసును బట్టి ఉంటుంది. చీటీ మీద మి.గ్రా.తో పాటు “ఇన్ని మి.లీ.” అని కూడా రాయించుకోవాలి. కంగారులో ఎవరికీ లెక్కలు రావు.

ఇ) తొడ బయటి వైపు, మోకాలికీ తుంటికీ సరిగ్గా మధ్యలో, సూదిని నిటారుగా గుచ్చి మందు నెట్టండి. బట్టలు విప్పే టైము లేకపోతే పల్చటి పైజామా మీదనుంచి చేసినా ఫరవాలేదు.

ఈ) గ్లూకోమీటర్‌తో షుగర్ చూడండి. 70 కన్నా తక్కువ ఉండి బిడ్డ మెలకువగా ఉంటే రెండు మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు పట్టండి. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకండి.

ఉ) 108కి ఫోన్ చేయండి. ఫైలు, మందులు పట్టుకుని బయల్దేరండి. బిడ్డ లేచి కూర్చున్నా సరే వెళ్లాలి. ఇంజెక్షన్ పని కొన్ని గంటలే.

అవసరం లేని రోజున ఒక్కసారి ఈ ఇంజెక్షన్ పడితే నష్టం లేదు. అవసరమైన రోజున పడకపోతే నష్టం చాలా పెద్దది. “చేయాలా వద్దా” అన్న అనుమానం వచ్చిందంటే చేసేయండి.

గడువు తీరిన వయల్‌ను పారేయకండి. దానితో బత్తాయికాయ మీద ఇంట్లో అందరూ ప్రాక్టీసు చేయండి. సాధారణంగా తల్లి ఒక్కతే నేర్చుకుంటుంది. ఆమె పుట్టింటికి వెళ్లిన రోజే జ్వరం వస్తుంది. మా ఇంట్లో మొదట తడబడింది నాన్నే, సూది మూత తీయకుండా గుచ్చాడు. బత్తాయి కాబట్టి సరిపోయింది. పౌచ్‌ను మే నెల ఎండలో బండి డిక్కీలో వదలకండి, వయల్ మీద రాసిన ఉష్ణోగ్రతలోనే ఉంచండి.

4. నీళ్లు, మూత్రం

రిపోర్టులో డయాబెటిస్ ఇన్సిపిడస్ లేక డీఐ అని ఉంటుంది. షుగర్ వ్యాధితో దీనికి సంబంధం లేదు, తీపి మానిపించక్కర్లేదు. అత్యవసరంలో చూసే కాంపౌండర్‌కి కూడా ఈ మాట మీరే చెప్పాల్సి రావొచ్చు. 2022లో దీనికి ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపం అని కొత్త పేరు పెట్టారు గానీ చీటీల్లో ఇంకా డీఐ అనే రాస్తున్నారు.

మూత్రాన్ని ఆపే హార్మోన్ లేకపోవడంతో నీళ్లు ఒంట్లో నిలవవు. దానికి మందు డెస్మోప్రెసిన్. మాత్రలు, ముక్కులో కొట్టే స్ప్రే రెండూ ఉన్నాయి. మాత్ర డోసుకీ స్ప్రే డోసుకీ పొంతన ఉండదు, స్ప్రే చాలా రెట్లు ఘాటు. ఒకటి దొరక్కపోతే రెండోది సొంతంగా వేయకండి. జలుబు చేసి ముక్కు మూసుకుపోయినప్పుడు స్ప్రే సరిగా పట్టదు, దానికి ప్రత్యామ్నాయం ఏమిటో ముందే రాయించుకోండి. స్ప్రే ఫ్రిజ్‌లో పెట్టాలా బయట ఉంచొచ్చా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, డబ్బా మీద చదవండి.

రోజువారీ పద్ధతి ఇలా పెట్టుకోండి:

- మొదటి కొన్ని నెలలు తాగినదీ పోసినదీ కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. మజ్జిగ, పాలు, చారు, పుచ్చకాయ కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి.
- గంటకు కిలో బరువుకు 4 మి.లీ. మించి మూత్రం పోతుంటే ఎక్కువన్నమాట. 20 కిలోల బిడ్డకు గంటకు 80 మి.లీ. రెండు మూడు గంటలు వరుసగా అలాగే ఉంటే మందు పని అయిపోయినట్టే.
- తర్వాతి డోసు వేసే ముందు రోజులో ఒక్కసారైనా మందు పట్టు వదిలి, పల్చటి మూత్రం ధారగా రావాలి. అది వచ్చాకే వేయమని చాలామంది డాక్టర్లు చెబుతారు. ఒంట్లో చేరిన అదనపు నీరు బయటికి పోయే దారి అదే.
- రోజూ పొద్దున ఒకే టైముకు బరువు చూడండి. 25 కిలోల బిడ్డ ఒక్కరోజులో అరకిలో, ముప్పావుకిలో పెరిగినా తగ్గినా అది కొవ్వు కాదు, నీరు.

మందు పని చేస్తున్నంతసేపు దాహం వేస్తేనే తాగాలి. “ఎండాకాలం, బాగా నీళ్లు తాగు నాన్నా” అని బాటిల్ మీద బాటిల్ పట్టించడం ఈ పిల్లల విషయంలో ప్రమాదం. నీరు బయటికి పోదు, సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, మగత, ఫిట్స్ దాకా వెళ్తుంది. సోడియం పెరిగితే వేరేగా ఉంటుంది: విపరీతమైన దాహం, చిరాకు, నాలుక పిడచగట్టడం, కళ్లు గుంటలు పడటం. రెండింటిలోనూ చివరికి బిడ్డ మగతలోకే జారుతుంది, కాబట్టి చూసి ఏదో తేల్చుకోవాలని కూర్చోకండి. రక్తంలో సోడియం చూపించండి. మామూలు లెక్క 135 నుంచి 145. 130 కన్నా తగ్గినా 150 దాటినా ఆసుపత్రి పనే.

కొందరు పిల్లల్లో దాహం వేయడమే పోతుంది. వీళ్లు అందరికన్నా కష్టమైనవాళ్లు. వీళ్లకు రోజుకు ఇన్ని మి.లీ. అని డాక్టర్ లెక్క కడతారు. గంటల ప్రకారం గ్లాసుతో పట్టాలి, బరువును బట్టి సవరించుకోవాలి.

ఇక ఊళ్లో ఆరెంపీ దగ్గరి సెలైన్ బాటిల్. జ్వరమొచ్చి నీరసంగా ఉంటే బాటిల్ ఎక్కించడం మన దగ్గర మామూలు విషయం. డెస్మోప్రెసిన్ మీద ఉన్న బిడ్డకు, అందులోనూ గ్లూకోజ్ బాటిల్, రక్తపరీక్ష చూడకుండా ఎక్కిస్తే సోడియం పడిపోతుంది. ఆయన మంచివాడే కావచ్చు, ఇంటి మనిషి లాంటివాడే కావచ్చు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయడానికి ఆయన సాయం తీసుకోండి, బాటిల్ మాత్రం సోడియం చూసే వసతి ఉన్న ఆసుపత్రిలోనే.

ఐబుప్రోఫెన్ ఉన్న సిరప్‌లు, మాత్రలు, ఫిట్స్‌కి వాడే కార్బమజెపిన్ కూడా నీటిని నిలబెట్టి సోడియం తగ్గించగలవు. జ్వరానికి పారాసిటమాల్ చాలు. ఫిట్స్ మందు మార్చేటప్పుడు డీఐ సంగతి న్యూరాలజిస్ట్‌కి గుర్తుచేయండి. ఫెనిటాయిన్ లాంటివి స్టెరాయిడ్‌ను త్వరగా ఖర్చుచేస్తాయి, అదీ చెప్పండి.

ఇంకో మాట. ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో మూత్రం ధారగా పోవడం, నాలుగైదు రోజులకు ఉన్నట్టుండి తగ్గిపోవడం, మళ్లీ మొదలవడం జరగొచ్చు. మధ్యలో తగ్గిందని “నయమైంది” అనుకోకండి. అప్పుడే సోడియం పడిపోతుంది. ఆ టైములో డిశ్చార్జి అయితే ఇంటికెళ్లాక సోడియం ఎప్పుడెప్పుడు చూపించాలో తేదీలతో రాయించుకోండి.

5. థైరాయిడ్ మాత్ర

పొద్దున పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం.

పొరపాటు జరిగేది టెస్టు దగ్గర. మన ల్యాబుల్లో థైరాయిడ్ అంటే టీఎస్‌హెచ్ (పిట్యూటరీ నుంచి వచ్చి థైరాయిడ్‌ను నడిపే హార్మోన్) చూస్తారు. ఈ పిల్లల్లో టీఎస్‌హెచ్ తయారుచేసే గ్రంథే దెబ్బతింది కాబట్టి ఆ అంకెకు అర్థం లేదు, తక్కువగానే ఉంటుంది. అది చూసి కొత్త డాక్టర్ “డోసు ఎక్కువైంది, తగ్గించండి” అంటే బిడ్డ మందగిస్తుంది, ఎదుగుదల ఆగుతుంది. చూడాల్సింది ఫ్రీ టీ4, అంటే రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోన్. చీటీ మీద అదే రాయించుకోండి. హైడ్రోకార్టిజోన్ వేసుకుంటున్న బిడ్డకు మామూలు కార్టిజాల్ (ఒళ్లు తయారుచేసుకునే స్టెరాయిడ్) టెస్టు చేయించి డోసు మార్చడం కూడా ఇలాంటి పొరపాటే.

స్టెరాయిడ్ మొదలుపెట్టకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టకూడదు. రెండూ లోపించిన ఒంట్లో థైరాయిడ్ ఒక్కటే ఇస్తే, ఉన్న కాస్త స్టెరాయిడ్ కూడా ఖర్చయిపోయి బిడ్డ కుప్పకూలొచ్చు.

6. ఎత్తు, ఈడు

మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి ఐఏపీ (దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం) గ్రోత్ చార్టు మీద చుక్క పెట్టించండి. గోడ మీద పెన్సిల్ గీత కూడా పనికొస్తుంది, చెప్పులు విప్పి కొలవండి. కొందరు పిల్లలు గ్రోత్ హార్మోన్ లేకపోయినా బరువు పెరుగుతూ కొంతకాలం ఎత్తు కూడా పెరుగుతారు. “పెరుగుతున్నాడు కదా” అని టెస్టు వాయిదా వేయకండి.

గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ మామూలుగా రోజూ రాత్రి వేయాలి, ఖరీదు ఎక్కువ. గడ్డ మళ్లీ వస్తుందేమోనని భయపడేవాళ్లు చాలామంది. ఈ మందు వల్ల క్రేనియోఫారింజియోమా తిరగబెట్టడం పెరిగినట్టు ఇప్పటిదాకా జరిగిన పరిశీలనల్లో తేలలేదు. అయినా ఎమ్మారైలో గడ్డ కదలిక లేదని చూసుకున్నాకే మొదలుపెడతారు, చాలామంది డాక్టర్లు ఏడాది ఆగుతారు.

ఆడపిల్లకు 13 ఏళ్లకు రొమ్ములు రావడం మొదలుకాకపోయినా, మగపిల్లాడికి 14 ఏళ్లకు ఈడు లక్షణాలు కనిపించకపోయినా డాక్టర్‌ని అడగండి. హార్మోన్లు ఇచ్చి తెప్పించొచ్చు. “రజస్వల ఎప్పుడు” అని చుట్టాలు అడిగే ప్రశ్నలకు బిడ్డ ముందు జవాబివ్వకండి.

7. ఆకలి, బరువు

హైపోథాలమస్ (పిట్యూటరీకి పైన ఉండి ఆకలిని నడిపే మెదడు భాగం) దెబ్బతిన్న పిల్లల్లో ఆపరేషన్ తర్వాత మొదటి ఆరు నెలలు, ఏడాదిలోనే బరువు ఎగబాకుతుంది. కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందదు, ఒళ్లు ఖర్చుచేసేదీ తగ్గిపోతుంది. అందరిలా తిన్నా లావవుతారు. అర్ధరాత్రి లేచి డబ్బాలు వెతికే బిడ్డను “తిండిపోతు” అని తిట్టడం, కాలు విరిగినవాణ్ని కుంటుతున్నావని తిట్టడం లాంటిదే.

చేయదగినవి:

- మొదటి వారం నుంచే వారానికోసారి బరువు రాయండి. పదికిలోలు పెరిగాక మొదలుపెడితే వెనక్కి తేవడం చాలా కష్టం.
- కంచంలో వడ్డించి తీసుకురండి, గిన్నెలు ఎదురుగా పెట్టకండి. అన్నం తగ్గించి కూర, పప్పు, గుడ్డు పెంచండి.
- బిస్కెట్లు, జంతికలు, కూల్‌డ్రింక్ ఇంట్లోకే రానివ్వకండి. దాచిపెట్టడం పనిచేయదు, కనిపెడతారు. వంటింటికి తాళం వేసే ఇళ్లున్నాయి, తప్పేమీ లేదు. అయితే ఆ రూలు ఇంట్లో అందరికీ ఒకటే ఉండాలి, తమ్ముడికి మినహాయింపు ఇస్తే రోజూ యుద్ధమే.
- తినే టైములు గోడ మీద రాయండి. తర్వాతి తిండి ఎప్పుడో తెలిస్తే గొడవ సగం తగ్గుతుంది.
- స్టెరాయిడ్ డోసు అవసరాన్ని మించి ఉందేమో డాక్టర్‌ని అడగండి. సరిచేయగలిగిన కారణం అదొక్కటే కావచ్చు.

నానమ్మలకు ఈ సంగతి విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. “ఆపరేషన్ అయిన పిల్ల, తిననివ్వండి” అన్న ప్రేమ ముందు ఏ డైట్ చార్టూ నిలబడదు.

పగలు తూగుతూ రాత్రి మెలకువగా ఉన్నా, గురక పెడుతూ ఊపిరి ఆగినట్టు అనిపించినా నిద్ర పరీక్ష గురించి అడగండి. బద్ధకం అని వదిలేయొద్దు.

8. చూపు

ఈ గడ్డ ఎక్కువగా దెబ్బతీసేది పక్క చూపును. అక్షరాల చార్టు చక్కగా చదివేస్తారు, తలుపు అంచుకు మాత్రం గుద్దుకుంటారు. కాబట్టి అక్షరాల చార్టుతో సరిపెట్టుకోకండి. పక్క చూపు కొలిచే ఫీల్డ్ టెస్టు, కంటి నరం మందం చూసే ఓసీటీ చేయించండి. మరీ చిన్నపిల్లలు ఫీల్డ్ టెస్టుకు కుదురుగా కూర్చోరు. అప్పుడు ఇంట్లో వెనకనుంచి చెవి పక్కగా బొమ్మను నెమ్మదిగా ముందుకు తెస్తూ, ఎక్కడికి వచ్చాక చూస్తున్నారో రెండు వైపులా గమనించి డాక్టర్‌కి చెప్పండి.

రోడ్డు దాటేటప్పుడు కళ్లు తిప్పడం చాలదు, తల పూర్తిగా రెండు వైపులా తిప్పాలని నేర్పండి. చూపు బాగా తగ్గితే హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఉన్న చూపుతోనే పనులు చేసుకోవడం నేర్పే విభాగం ఉంది. ఉన్న చూపు ఉన్నట్టుండి తగ్గితే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అదే రోజు వెళ్లండి.

9. బడి

హెడ్‌మాస్టర్‌కు ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి: ఎప్పుడంటే అప్పుడు నీళ్లు తాగనివ్వాలి, టాయ్‌లెట్‌కు వెళ్లనివ్వాలి, మధ్యాహ్నం మాత్ర, వాంతి అయితే వెంటనే ఫోన్. మందుల డబ్బాతో పాటు ఒక అత్యవసర పౌచ్ బడిలో ఉంచండి.

చదువు మునుపటిలా సాగకపోవచ్చు. చాలామందికి తెలివి తగ్గదు గానీ నెమ్మదిస్తారు, ఇప్పుడే చెప్పింది మరిచిపోతారు, త్వరగా అలసిపోతారు. మార్కులు పడిపోయాక కాదు, మళ్లీ బడికి పంపేముందే సైకాలజిస్ట్ చేత పరీక్ష చేయిస్తే ఏ సాయం కావాలో తెలుస్తుంది. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ (బిడ్డ చెబితే రాసే మనిషి) సదుపాయాలున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు వస్తే దారి సులువు. నలభై శాతం వైకల్యం లేదన్న కారణంతోనే స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. టెన్త్‌కు ముందు ఏడాదే దరఖాస్తు మొదలుపెట్టండి, కాగితాలకు టైము పడుతుంది.

10. ఎమ్మారైలు మానకండి

క్యాన్సర్ కాకపోయినా ఈ గడ్డ తిరిగి రావొచ్చు, ముఖ్యంగా కొంత తీయకుండా వదిలినప్పుడు. మొదటి రెండు మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి అని సాధారణంగా చెబుతారు. బాగానే ఉన్నాడు కదా అని మూడో ఏట మానేసేవాళ్లు ఎక్కువ. చూపు పోయాకే మళ్లీ వస్తారు.

తలలో షంట్ (అదనపు నీటిని బయటికి పంపే గొట్టం) ఉంటే వాంతులు, తలనొప్పి, మగత వస్తే స్టెరాయిడ్‌తో పాటు షంట్ మూసుకుపోయిందేమో కూడా చూడాలి. అక్కడ ఇంజెక్షన్ ముందు, స్కాన్ తర్వాత. రేడియేషన్ తీసుకున్న పిల్లల్లో బాగున్న హార్మోన్లు కూడా ఏళ్ల తర్వాత తగ్గొచ్చు, మెదడు రక్తనాళాలు సన్నబడొచ్చు. ఉన్నట్టుండి ఒక చేయి బలహీనపడినా, మాట తడబడినా అత్యవసరమే.

సరిగ్గా నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

- రాత్రి ఒకసారికి మించి మూత్రానికి లేవడం లేదు, పొద్దున నాలుక తడిగా ఉంది
- సోడియం 135–145 మధ్య, ఫ్రీ టీ4 డాక్టర్ చెప్పిన పరిధిలో ఉన్నాయి
- పొద్దున లేవగానే వికారం, నీరసం లేవు. ఉంటే స్టెరాయిడ్ చాలడం లేదేమో. ముఖం గుండ్రంగా ఉబ్బి, ఎత్తు ఆగితే ఎక్కువైందేమో
- చార్టు మీద ఎత్తు చుక్కలు పైకి పోతున్నాయి, బరువు చుక్కలు వాటిని దాటి పరిగెత్తడం లేదు
- మీరు ఊళ్లో లేకపోయినా ఇంజెక్షన్ చేయగలిగినవాళ్లు ఇంట్లో ఇంకొకరున్నారు

తిరుమల క్యూలో, శబరిమల నడకలో, పెళ్లిళ్లలో గంటలకొద్దీ మందులూ టాయ్‌లెట్టూ అందవు. మందులు లగేజీలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి, రెండు రోజుల డోసు అదనంగా. ఉపవాసాలు చేయించకండి.

పదో ఏట నుంచి మాత్రలు తనే వేసుకోవడం, పన్నెండు దాటాక ఇంజెక్షన్ కలపడం నేర్పండి. ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీలో వేసే ఆలోచన ఉంటే ముందు నాలుగు చూడండి: జ్వరమొస్తే డోసు ఎంతో చెప్పగలగాలి, ఇంజెక్షన్ కలపగలగాలి, డెస్మోప్రెసిన్ పట్టు వదిలిందో లేదో గుర్తుపట్టాలి, అర్ధరాత్రి వార్డెన్‌ను లేపే ధైర్యం ఉండాలి. ఇందులో ఏది రాకపోయినా ఈ ఏడాదికి ఇంటి దగ్గరి కాలేజీలో డే స్కాలర్‌గా చేర్చండి.